అందించిన మాట

ఎదురింటావిడ తన మరదలితో అన్నదట, ఆ మరదలు మేడ మీదావిడ చెవిన వేసిందట, మేడ మీదావిడ చెబితే విన్నానంటూ మొదలుపెట్టింది, జాకెట్టు చేతులు బిగుతయ్యాయని వదులు చేయించుకోవడానికి వచ్చిన లావుపాటావిడ.

"మా వెనక వీధిలో ఒక ముసలి పంతులమ్మ ఉందిలే. దొంగ వస్తే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, బీరువా తాళాలు చేతిలో పెట్టి, 'నిదానంగా చూసుకో నాయనా' అన్నదట! పైగా వాణ్ణి మెచ్చుకుందట కూడా. చోద్యం కాకపోతే!"

కుట్టుషాపులో ఆమె కొలతలు తీస్తున్నది ఆ పంతులమ్మ కూతురే. నోటినిండా గుండుసూదులున్నాయి. మా అమ్మేనండీ అని చెప్పాలంటే ముందు సూదులు తీయాలి. తీయలేదు. కుర్చీ అబద్ధం, మంచినీళ్ళు అబద్ధం, బీరువా తాళాలు శుద్ధ అబద్ధం. మెచ్చుకున్న మాట ఒక్కటే నిజం. ఆ ఒక్కటీ నిజం కాబట్టే మిగతావాటి మీద పోట్లాడటానికి నోరు రాలేదు.

"చెయ్యి పైకెత్తండి," అంది సూదుల సందులోంచి.

జరిగిందేమిటంటే, ఆ మధ్య వీధి చివరి హాల్లో ముసలివాళ్ళందరినీ పోగేసి ఒక కానిస్టేబులు జాగ్రత్తలు చెప్పాడు. నీళ్ళ ఆఫీసనీ, కరెంటు ఆఫీసనీ చెప్పుకుని వస్తారు. ఒకడు మిమ్మల్ని మాటల్లో పెడితే ఇంకొకడు గదులు ఊడ్చుకుపోతాడు. తలుపు గొలుసు తీయకుండానే మాట్లాడండి. ఇంట్లోవాళ్ళు ఎవరినైనా పంపితే గుర్తుపట్టడానికి మీలో మీరు ఒక మాట అనుకోండి. వచ్చినవాడు ఆ మాట చెబితేనే గొలుసు తీయండి.

పంతులమ్మ ముందు వరుసలో కూర్చుని, చేతులు కట్టుకుని విన్నది. ఇంటికొచ్చి కూతురికి పొల్లుపోకుండా అప్పజెప్పింది. మాట కూడా తనే ఎంచింది: ఉడుత. ఒకటో తరగతి పిల్లలు కేరింతలు కొట్టే పాఠం అది. కూతురికి గుండెల మీద బరువు సగం దిగింది. మొగుడు లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియదు, షాపు మానితే ఇల్లు గడవదు, పగలంతా తల్లి ఒక్కతే. ఒక్క మాట కాపలా కాస్తుందంటే అంతకన్నా చవక కాపలా ఏముంటుంది?

ఆ కాపలా ఎలా కూలిందో, దొంగతనం జరిగిన రోజు పంతులమ్మ స్వయంగా కానిస్టేబులుకి చెప్పింది. కూతురు గోడకి ఆనుకుని విన్నది.

"గొలుసు తీయలేదు నాయనా. గొలుసు మీదే మాట్లాడాను," అంది పంతులమ్మ, అక్కడికి తప్పేమీ లేదన్నట్టు. "నీళ్ళ ఆఫీసు నుంచి వచ్చాను, పైపులో నీళ్ళు రంగు మారుతున్నాయి, చూడాలన్నాడు. మెడలో బిళ్ళ ఉంది, చేతిలో సంచీ ఉంది. మాట చెప్పమన్నాను. ఏం మాటండీ అన్నాడు. మా అమ్మాయి చెప్పి పంపలేదా అన్నాను. చెప్పారండీ, మర్చిపోయాను అన్నాడు. తల వంచుకుని బుర్ర గోక్కుంటూ నిలబడ్డాడు."

"అప్పుడు?"

"అప్పుడేముంది, ఆలోచించమన్నాను. చెట్టెక్కుతుంది అన్నాను. కోతి అన్నాడు. కాదురా, చిన్నది, వీపు మీద చారలుంటాయి అన్నాను. పిల్లి అన్నాడు. 'ఉ'తో మొదలవుతుందిరా అన్నాను. ఉడుత అన్నాడు. శభాష్ అన్నాను."

కానిస్టేబులు రాసుకోవడం ఆపి కూతురి వంక చూశాడు. కూతురు నేల వంక చూసింది.

లోపలికి వచ్చాక ఆ దొంగ పంతులమ్మని వంటింట్లో కుళాయి దగ్గర నిలబెట్టాడు. "నేను బయట పైపు తిప్పుతుంటాను. మీరు కళ్ళు తిప్పకండి. రంగు మారగానే ఒక్క కేకెయ్యండి," అన్నాడు. ఆమె కళ్ళు తిప్పలేదు. నీళ్ళు తెల్లగానే వస్తున్నాయి. "మారలేదు బాబూ!" అని అప్పుడప్పుడూ కేకేస్తూనే ఉంది. "ఇంకాసేపు చూడండమ్మా!" అని బయటినుంచి కేక వచ్చేది. కాసేపటికి అదీ రాలేదు. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన కూతురికి తలుపు బార్లా తెరిచి కనిపించింది. లోపల బీరువా సొరుగులు నేల మీద బోర్లా పడి ఉన్నాయి. తల్లి బంగారు గాజులు లేవు, తండ్రి గడియారం లేదు. తల్లి ఇంకా వంటింట్లోనే నిలబడి ఉంది. ట్యాంకు ఖాళీ అయి కుళాయి గురగురమంటోంది.

"రంగు మారేలోపే నీళ్ళైపోయాయే," అంది కూతుర్ని చూసి. చెప్పిన పని చేయలేకపోయానే అన్నట్టు మొహం చిన్నబుచ్చుకుంది.

"మనిషి ఎలా ఉంటాడమ్మా?" అని అడిగాడు కానిస్టేబులు.

"చెవులు కాస్త ముందుకుంటాయి. ఎడంచేతి వాటం. జ్ఞాపకం తక్కువ గాని, దారి చూపిస్తే అందుకుంటాడు."

కానిస్టేబులు అదంతా రాసుకున్నాడో లేదో గాని, వెళ్ళేముందు కూతుర్ని గుమ్మం అవతలికి పిలిచాడు. "ఈ పేటలోనే చాలా ఇళ్ళలో జరిగిందమ్మా. మీకు ఆశ పెట్టడం ఎందుకు, దొరకరు. ఆవిణ్ణి ఒంటరిగా ఉంచకండి."

ఒంటరిగా ఉంచకుండా ఏం చేయాలో చెప్పేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. బస్సు డిపోలో పనిచేసే అన్నయ్యకి ఫోను చేస్తే, ఇరుకు కొంపలో ఇద్దరు అత్తలు పడరు, తన అత్తగారు ఇప్పటికే ఉందన్నాడు. "తాళం వేసుకుపో. లేదా ముసలివాళ్ళ హోములో చేర్పించేద్దాం. రెండిట్లో ఏదో నువ్వే తేల్చు," అన్నాడు.

"తేల్చడానికి నేనొక్కదాన్నే పుట్టానా?"

"నీ దగ్గరుంది కదే మరి."

కూతురు అప్పటికీ మూడో దారి ఒకటుందనుకుంది. మాట మార్చింది. ఈసారి 'పలక'. "అమ్మా, ప్రాణం మీదికొచ్చినా చెప్పకు. మొదటి అక్షరం కూడా చెప్పకు," అంది.

"చెబుతానటే? ఒకసారి గడ్డి తిన్నాను గాని, రోజూ తింటానా?"

షాపు పక్కన వడ్రంగి ఒకడున్నాడు. పంతులమ్మ అతన్నెప్పుడూ చూడలేదు. ఎలాగూ తలుపుకి కొత్త గడియ వేయించాలి కాబట్టి, దాంతోపాటు తల్లిని పరీక్షించే సాయం కూడా చేయమని కూతురు బతిమాలి తీసుకొచ్చింది. ఏమీ తెలియనట్టు నిలబడాలి, అంతే. తను మెట్ల మలుపులో నక్కింది.

"కరెంటోణ్ణండీ," అన్నాడు వడ్రంగి, జన్మలో నాటకమెరగని గొంతుతో.

"మాట చెప్పు."

"తెలీదండీ."

"తెలియకపోతే వెళ్ళిరా నాయనా."

మెట్ల మలుపులో కూతురికి కళ్ళు చెమ్మగిల్లాయి. పరిగెత్తుకెళ్ళి తల్లిని వాటేసుకోవాలనిపించింది. వడ్రంగి చెప్పినట్టే కదలకుండా, తల వంచుకుని నిలబడ్డాడు. గొలుసు ఒకసారి అటూ ఇటూ కదిలింది.

"పిల్లలు దేని మీద రాస్తారు?" అంది పంతులమ్మ, గొంతు తగ్గించి.

వడ్రంగి మెట్ల వైపు బిక్కమొహం వేసి చూశాడు. "గోడ మీదండీ," అన్నాడు. తన పిల్లల సంగతి చెప్పాడు పాపం.

"కాదు. చేత్తో పట్టుకునేది. నల్లగా ఉంటుంది, చుట్టూ చెక్క చట్రం ఉంటుంది."

చట్రం అన్నాక వడ్రంగి నోరు ఆగలేదు. "పలకండీ!"

"శభాష్!" గొలుసు జారిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది.

కూతురు మెట్ల మీదే కూలబడింది. లేచి వెళ్ళేసరికి తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. కూతుర్ని చూడగానే జరిగింది అర్థమై మొహం పాలిపోయింది.

"ఎందుకమ్మా? ఎందుకు చెప్పావు?"

"వెళ్ళమన్నానుగా. వెళ్ళలేదు. తెలియక అలా నిలబడిపోయాడే. ఆ మొహం చూడలేకపోయాను."

కూతురికి ఒళ్ళు మండింది. తల్లి తరగతిలోనే తనూ చదివింది. పద్యంలో ముక్క మర్చిపోతే ప్రతి పిల్లకీ తల్లి పెదవులు కదిపి అందించేది. తన వంతు వచ్చేసరికి పెదవులు బిగించేది. పంతులమ్మ కూతురికి అందించిందని నలుగురూ అనకూడదట. బెంచీ ఎక్కి నిలబడి, తల్లి పెదవుల వైపే చూస్తూ, ఇంటిగంట కొట్టేదాకా ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడేమో దొంగకి అందించింది, వడ్రంగికి అందించింది. రేపు తలుపు కొట్టే ప్రతివాడికీ అందిస్తుంది. ఆ అలవాటు ఆవిడ చేతిలో లేదు. తిట్టీ లాభం లేదు, ఏడ్చీ లాభం లేదు.

వడ్రంగి సంచీలోంచి గడియ తీశాడు. మధ్యలో ఇరుక్కుపోయానే అనుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "లోపలికి బిగించమంటారా, బయటికా?"

కూతురు తల్లి వైపు చూడకుండా చెప్పింది.

"బయటికే."

మర్నాడు పొద్దున్న కూతురు తల్లి మంచం పక్కన మందులు పెట్టింది, అన్నం మూతపెట్టింది, కిటికీ తెరిచింది. ఇంట్లో నిప్పంటుకుంటే ఎలాగని రెండో తాళంచెవి ఎదురింటావిడకి ఇవ్వాల్సి వచ్చింది. ఊరంతా టముకు వేసినావిడకే. ఇంకెవరున్నారు గనక? ఆవిడ తాళంచెవి అందుకుని, "అయ్యో, పెద్దావిణ్ణి నేను చూసుకోనా!" అంటూ తన గుమ్మంలోనే నిలబడిపోయింది, ఏం జరుగుతుందో చూద్దామని.

పంతులమ్మ కుర్చీ లాక్కొచ్చి గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. చుట్టపుచూపుగా ఎక్కడికో వెళ్ళబోతున్నట్టు ఉతికిన బట్టలు కట్టుకుంది. కూతురు ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో తాళం పట్టుకుని నిలబడింది. మూయలేదు, వెళ్ళలేదు.

"ఏదో ఒకటి అనమ్మా," అంది. "తిట్టయినా తిట్టు. అన్నయ్య చూడనన్నాడు. పోలీసు చేతులెత్తేశాడు. నాకేం చెయ్యాలో తెలియడం లేదు. నువ్వే చెప్పు, నీ మాట వింటాను."

పంతులమ్మ కూతురి మొహంలోకి చూసింది. పెదవులు బిగించింది. ఎదురింటావిడ మెడ ముందుకు సాచింది.

"నీకు నేనెప్పుడు అందించానని? తాళం వేసి పో, షాపుకి టైమవుతోంది."