మూడో దారిన వచ్చే వెలుగు

ఆఫీసులో ఆమెను అందరూ చీపురమ్మ అంటారు. అందుకామెకు కోపం లేదు, చేసే పని అలాంటిది మరి. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు పంపే ఫొటోల నిండా చెత్త చుక్కలుంటాయి. ఎక్కడెక్కడి నుంచో దూసుకొచ్చే కణాలు కెమెరాకి తగిలి, అచ్చం నక్షత్రంలా ఓ తెల్లటి చుక్క పెట్టి పోతాయి. వాటిని ఏరి తుడిచేసి, శుభ్రమైన బొమ్మను శాస్త్రవేత్తల చేతిలో పెట్టడం ఆమె ఉద్యోగం. అది ఇప్పించింది సాక్షాత్తూ వదినే. ఇంట్లో అన్నయ్య భార్య, ఆఫీసులో పై అధికారి. తిట్టాలంటే వదినకి రెండు చోట్లా హక్కుంది.

అలాంటి వదిన తిట్టకుండా ఊరుకుంది. చీపురమ్మకి తిండి సయించనిది అందుకే.

జరిగిందేమిటంటే, వందల గెలాక్సీలు ఒక్కచోట గుమిగూడిన గుంపొకటుంది. దాని వెనక, ఇంకా ఎంతో దూరాన, ఏదైనా నక్షత్రం పేలుతుందేమోనని వదిన ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుంది. పోయిన ఏడాది ఆ పేలుడు వెలుగు రానే వచ్చింది. మామూలుగా ప్రతి చోటికీ రెండు ఫొటోలు తీస్తారు. చెత్త చుక్క ఒకదాంట్లోనే ఉంటుంది, నిజమైన నక్షత్రం రెండింట్లోనూ ఉంటుంది. ఆ రోజు టెలిస్కోపు కదిలి రెండో ఫొటో అలికేసినట్టయింది. ఉన్న ఒక్క ఫొటోలో ఆ చుక్కని చూసి, ‘ఇంత కొట్టొచ్చినట్టుందంటే చెత్తే’ అనుకుని చీపురమ్మ చేజేతులా తుడిచేసింది. తర్వాత ఇంకెవరో తీసిన మసక ఫొటోలో అదే చుక్క బయటపడేసరికి, అసలు వెలుగు కాస్తా ఆరిపోయింది. వదిన పాత ఫొటో తెరిచి చూసింది, కంప్యూటర్ మూసింది, ఇంటికెళ్ళిపోయింది. పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు నుంచి భోజనాల దగ్గర, “మీ చెల్లెలికి మంచినీళ్ళు కావాలేమో అడగండి” అని మొగుడితో చెప్పడమే. పాపం అన్నయ్య ఇద్దరి మధ్యా కబుర్లు మోయలేక చచ్చేవాడు.

కొన్ని నెలలు గడిచాక ఒక ఉదయం వదిన వచ్చి చీపురమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఈ మూడు గీతలు చూడు” అంది తెర మీద వేలు పెట్టి. గుంపు చుట్టూ వంకరగా, నీలంగా మూడు సన్నటి చారలున్నాయి.

“మూడు గెలాక్సీలా వదినా?”

“ఒక్కటే. మూడుగా కనిపిస్తోంది. ఈ గుంపు బరువుకి దాని చుట్టూ ఉన్న చోటే వంగిపోయింది. వెలుగుకి తిన్నగా నడవడమే తెలుసు. దారే వంగితే అదేం చేస్తుంది? ఇటు నుంచి కొంత, అటు నుంచి కొంత, మధ్యలోంచి కొంత, అలా పడి వచ్చింది. నక్షత్రం పేలింది ఈ గెలాక్సీలోనే.”

“అయితే?”

“పెళ్ళివారు మూడు బస్సుల్లో బయల్దేరారనుకో. అన్నీ ఒకేసారి రావుగా? ఒక బస్సు మనం ఇటువైపు చూడకముందే వచ్చి వెళ్ళిపోయింది. రెండోది...” వదిన ఆగింది. రెండోదాన్ని ఎవరు తుడిచారో ఇద్దరికీ తెలుసు. “మూడోది ఇంకా రాలేదు.”

చీపురమ్మ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. “పోయిన నక్షత్రం మళ్ళీ పోతుందా?”

“పోయింది ఒక్కసారే. మనమే కాదు, ఈ భూమి కూడా పుట్టకముందు. ఆ కబురే ఇంకా దార్లో ఉంది.”

తను తుడిచేసిన వెలుగు, భూమే లేనినాడు బయల్దేరి, చుట్టుదారిన పడి ఇప్పటికీ వస్తోందా! ఆ రోజంతా చీపురమ్మకి పని మీద ధ్యాస నిలవలేదు. నడుస్తుంటే తలెత్తి పట్టపగటి ఆకాశంలోకి చూసింది. ఏమీ కనిపించలేదు, అయినా చూపు తిప్పుకోలేకపోయింది.

వదిన లెక్కలకి దిగింది. కనిపించే గెలాక్సీలన్నిటినీ తూచినా దారి అంతలా వంగదట. కంటికి ఆనని బరువు అంతకు ఎన్నో రెట్లుంటే తప్ప కుదరదట. అదేమిటని అడిగితే, “తెలిస్తే ఇంత గొడవెందుకే?” అంది. ఆ బరువు ఎక్కడెక్కడ ఉంటుందో అంచనా వేసి, మూడో చార మధ్యలో ఎర్ర గుండ్రం గీసింది. వస్తే అక్కడే రావాలి, ఈ ఏడాదే రావాలి. అప్పటి నుంచి ఆ ఫొటో వచ్చిన ప్రతిసారీ గుండ్రం ఖాళీ. ఇంతలో సూర్యుడు ఆ దిక్కుకి దగ్గరపడ్డాడు. ఇంకొక్క విడత ఫొటోలు తీశాక నెలల పాటు అటు చూడడానికుండదు. ఆ సందులో వెలుగు వచ్చి పోతే అంతే సంగతులు.

ఆ ఆఖరి విడతలో మొదటి ఫొటో మధ్యాహ్నం వచ్చింది. వదిన వెనకాలే నిలబడింది. గుండ్రం ఖాళీగానే ఉంది.

“అయిపోయింది” అంటూ వదిన కూలబడింది.

కానీ గుండ్రానికి బాగా అవతల, చార చివర, ఒక చుక్క ఉంది. చీపురమ్మ దాన్ని పెద్దది చేసి చూపించింది. “వదినా, ఇదేంటి?”

వదిన ఓ చూపు చూసింది. “చెత్త. అక్కడికి రావడానికి వీల్లేదు. తుడిచెయ్.”

“తుడవను.”

“ఏంటీ?”

“రెండో ఫొటో రానీ.”

“లెక్క నేను చేశానా, నువ్వు చేశావా? అప్పుడూ నీ ఇష్టమే, ఇప్పుడూ నీ ఇష్టమేనా?”

ఏడాదిగా కడుపులో దాచుకున్న మాట అలా బయటికొచ్చింది. చీపురమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తిట్టు వదినా, ఎంతైనా తిట్టు. దాని మీద మాత్రం చెయ్యి వెయ్యను” అని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

టెలిస్కోపు భూమిని మరో చుట్టు చుట్టి రావాలి. వదిన అక్కణ్ణించి లేవలేదు.

రెండో ఫొటో వచ్చింది. చీపురమ్మ దాన్ని మొదటిదాని మీద పెట్టింది. మొదటిదాంట్లోని చెత్త చుక్కలు ఒక్కటీ ఇందులో లేవు. చార చివరి చుక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఎన్నో వందల కోట్ల ఏళ్ళు నడిచి వచ్చిన వెలుగు అది, చిన్న తెల్లటి మెరుపు.

వదిన తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగింది. “ఇంత పక్కకి తిరిగిందంటే... ఇక్కడ, దీపమన్నదే లేని చోట, ఓ గెలాక్సీకి సరిపడా బరువుంది. బరువు లెక్కలో నేను సున్నా వేసిన చోటే!” ఉన్నట్టుండి ఆడపడుచు వైపు తిరిగి చెయ్యి పట్టుకుంది.

“నేనైతే తుడిచేసేదాన్నే” అంది. “ఆ రోజు నీ కుర్చీలో నేనున్నా తుడిచేసేదాన్నేనే పిచ్చిదానా.”

చీపురమ్మ వదిన భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.