ఏటికిచ్చిన సీత

వేడినీళ్ళలో నానిన మేకతోలును పలక మీద పరిచి, కత్తి మొండివైపుతో వెంట్రుకలు గీకుతున్నాడు ఓబుళేసు. తోలు వాసన ఇంటినిండా ఉంది. అది ఆయన ముక్కుకు తెలియడం ఎప్పుడో మానేసింది. ఎడమచేతి బొటనవేలి గోరు ఉలిదెబ్బకు చీలి, మేకగిట్టలా మళ్ళీ పెరిగింది. వేళ్ళ సందుల్లో నల్లరంగు ఎంత తోమినా పోదు. ముఖం మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకునేది కాదు. పామిడి చుట్టుపక్కల పల్లెల్లో ఆయన గొంతు ఎరగనివాళ్ళు లేరు. తెర వెనక నిలబడి రావణుడై గద్దిస్తే చంటిబిడ్డలు జడుసుకునేవాళ్ళు. తెల్లారి అదే ఊళ్ళో దాహమడిగితే "యా ఊరప్పా నీది?" అనేవాళ్ళు.

డేరా సినిమా వచ్చినాక తోలుబొమ్మలాటకు పిలిచేవాళ్ళూ తగ్గారు. తమ్ముడు తిప్పయ్య ఆట వదిలేసి పేటలో మూటలు మోస్తున్నాడు. అన్నదమ్ముల ఇండ్ల నడుమ గోడ లేచింది. మాటలు ఆగిపోయాయి.

వీధిలోంచి కదిరమ్మ పిలిచింది. ఏటి ఇసుకలో చెలమ తోడి నీళ్ళు తెచ్చుకునే పొరుగింటావిడ. చంకలో బిందె ఖాళీగానే ఉంది.

"ఓబుళేసన్నా, నీ బొమ్మల్ని పూడ్చిన తావును ఎవురో తవ్విండారు. గుంత నోరు తెరుసుకోనుండాది."

కత్తి ఆగింది.

చిరిగి ఆటకు పనికిరాని బొమ్మను ఆ వంశంలో పారెయ్యరు, అమ్మరు. పసుపూ కుంకుమా పెట్టి, కర్పూరం వెలిగించి, ఆడించే కట్టెలు ఊడదీసి, పెన్నలో వదులుతారు. మనిషిని సాగనంపినట్టే. కానీ వరసగా వానలు తప్పి పెన్నలో ఇసుకే మిగిలింది. అందుకని పోయినేడు ఓబుళేసు పాత బొమ్మల్ని ఎర్రగుడ్డలో చుట్టి ఏటి నడిమధ్య పూడ్చాడు. ఏరు వచ్చిననాడు ఏరే తీసుకుపోతుందని ఆయన నమ్మకం. వాటిలో జింకతోలు సీత ఉంది. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ సీతకు గొంతు ఇచ్చింది ఆయన పెండ్లాం తిరుపాలమ్మ. ఆమె పోయినాక ఇంకొకరి గొంతుతో ఆ బొమ్మను ఆడించడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

ఏటికిచ్చినదాన్ని ఊళ్ళో పరాయివాళ్ళు ముట్టరు. ఓబుళేసు లేచి గోడ అవతలికి, తమ్ముడింటికి పోయాడు. తిప్పయ్య గడపలో కూచుని సంగటి తింటున్నాడు. తలెత్తలేదు.

"యాడ పెట్టినావురా?"

"ఏంటివి?"

"ఏటికిచ్చినవి."

తిప్పయ్య ముద్ద మింగాడు. "అమ్మినా. బెంగుళూరు నుంచి సేటు వచ్చినాడు. అద్దం కట్టించి గోడలకు తగిలించుకుంటారంట పెద్దోళ్ళు. ఇసకలో పురుగులు తినేదానికంటే మేలు గదా. మన తాతల సొత్తే అవి. నాకూ పాలుండాది."

"సచ్చినదాంట్లో పాలేందిరా? మీ వదిన పాడెలో గూడా పాలడిగుంటావే!"

"నీ మాదిరి తోళ్ళు నాకుతా కూచోమంటావా? పో, సేటు ఇంకా పేట సత్రంలోనే ఉండాడు. నీ రావణాసురుడి గొంతు తీసి బెదిరించుకో పో."

ఓబుళేసు సత్రానికి పోలేదు. ఎండలో నడిచి, పేటలో పోలీసు స్టేషను మెట్లెక్కాడు.

"బొమ్మల దొంగతనమా!" సబ్ ఇన్‌స్పెక్టరు ఆకువక్క నములుతూ నవ్వాడు. కానిస్టేబుళ్ళూ నవ్వారు. అయినా పొద్దుపోని వేళ కాబట్టి సేటును పిలిపించాడు. సేటు మూటతో వచ్చి, అడక్కుండానే కుర్చీలో కూచున్నాడు. బల్లమీద గుడ్డ విప్పారు. సీత చెవి చిరిగి, ఒక కంటి రంగు వెలిసి ఉంది. ఓబుళేసు చెయ్యి చాచబోతే కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"దొంగతనం ఏముంది సాబ్? పారేసినవి కొన్నాను. మొన్నమొన్న చేసిన ఆటబొమ్మలు. పిల్లలు ఆడుకునేవి," అన్నాడు సేటు.

ఓబుళేసు గొంతు ఒక్కసారిగా తెర వెనక గొంతయింది.

"మొన్నవా! ఈ సీతను కోసి రంగేసింది మా తాత నాయన. నూరేండ్ల పైమాట! తోలు ఎత్తి చూడు, వెలుతురు ఎట్ల దిగుతాదో. ఇట్లాంటిది మీ బెంగుళూరులో ఒగటి సూపించు సూస్తాం!"

సేటు ముఖం మాడిపోయింది. సబ్ ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపి సర్దుకుని కూచున్నాడు.

"నూరేండ్లవా? భూమిలోంచి తీసినవా?"

"పూడ్చింది నేనే సామీ."

"ఎవరు పూడిస్తే ఏమి? నూరేండ్ల వస్తువు మట్టిలోంచి పైకొస్తే కలెక్టరుకు చెప్పాల. ఏరు సర్కారుది. ఏట్లో వదిలేసినాక నీదెట్లయితాది? నీకూ లేదు, సేటుకూ లేదు. కోర్టు తేల్చేదాకా ఈడనే ఉంటాయి."

"నాకిమ్మని అడగలేదు సామీ. మళ్ళా ఏట్లోనే పెడతా. మీరే వచ్చి సూడండి."

"నేనొచ్చి బొమ్మకు తద్దినం పెట్టాల్నా?"

మళ్ళీ నవ్వులు. హెడ్డు కానిస్టేబులు సీత మెడకు పురికొస చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. సేటు లేచాడు.

"గమ్మున ఉంటే నీ కొత్త బొమ్మలూ కొనేవాణ్ణి, ముసలోడా. నూరేండ్లని అరిచి నా నోరూ కొట్టినావు, నీ నోరూ కొట్టుకున్నావు."

మెట్ల దగ్గర తిప్పయ్య ఎదురయ్యాడు. పక్కన పిలుచుకొచ్చిన పోలీసు. తిప్పయ్య చెంప కమిలి ఉంది.

"నన్ను స్టేషనెక్కిస్తివి గదప్పా. విను. నీ పాడె కింద నా బుజముండదు."

ఓబుళేసు తమ్ముడి చెంపవైపు చూశాడు. "ఉండొద్దులేరా," అని దిగిపోయాడు.

ఇంటికి పోకుండా ఏట్లోకి దిగాడు. తవ్విన గుంత అట్లాగే ఉంది. లోపల ఎర్రగుడ్డ పీలిక, నల్లబడిన కర్పూరం మసి. మోకాళ్ళ మీద కూచుని చేతులతో ఇసుక తోసి పూడ్చసాగాడు. లోపల ఏమీ లేకపోయినా పూడ్చాడు. సాయంత్రం నీళ్ళకు వచ్చిన కదిరమ్మ దూరంనుంచే "ఇంగ సాలులే అన్నా, పొద్దుగూకతాండాది," అంది. ఆయన పలకలేదు. దగ్గరికి పోయి చూస్తే ముందుకు వాలి ఉన్నాడు. చేతులు మణికట్ల దాకా ఇసుకలోనే ఉన్నాయి. ఒళ్ళు చల్లబడింది.

పాడెను పొరుగువాళ్ళు మోశారు. అది వాకిలి ముందు పోతుంటే తిప్పయ్య తలుపు తీయలేదు.

ఫిర్యాదు చేసిన మనిషే లేడు కాబట్టి కేసు ముందుకు పోలేదు. ముద్ర వేసిన సొత్తు కాబట్టి వెనక్కీ పోలేదు. కొన్నాళ్ళకు పెన్న వచ్చింది. గట్లు ఒరుసుకుని, ఎర్రగా, రాత్రీ పగలూ పారింది. చెలమల్నీ, పూడ్చిన గుంతనూ, ఆ ఇసుకనంతా తోసుకుపోయింది.

స్టేషను వెనకగదిలో, పట్టుకొచ్చిన సారాకుండల పైన, మేకుకు వేలాడుతూ ఉంది జింకతోలు సీత. మధ్యాహ్నం కిటికీ ఊచల్లోంచి ఎండ పడితే ఆ తోలు గుండా దిగి, సున్నం గోడ మీద రవ్వంత ఎరుపూ రవ్వంత పచ్చా కదులుతాయి. మెడ దగ్గర మాత్రం లక్కముద్ర అంత మేర వెలుతురు దిగదు.