అన్నయ్య చిగుళ్ల నుంచి

అమ్మడికి ఆ సీసాను వేడినీళ్లలో పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

పరిశోధనశాలలో ఆమె పని చిగుళ్ల జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల మీద. గాలి సోకితే బతకని ఆ జీవుల్ని మూసిన పెట్టెలో పెంచి, పెరిగాక వేడిచేసి చంపి, వాటి పైపొరలోంచి లిపోపాలిసాకరైడ్ అనే పదార్థాన్ని తీస్తారు. దాన్ని మనిషి తెల్లరక్తకణాల మీద వేసి, అవి ఎలా ఉలిక్కిపడతాయో చూస్తారు. ఇలాంటి సీసాలు ఎన్ని ఉడికించిందో ఆమెకే లెక్కలేదు. ఈ సీసాలోవి మాత్రం అన్నయ్య చిగుళ్లలోంచి తీసినవి.

నమూనాల కోసం ఆమె తంటాలు పడుతున్న రోజుల్లో అన్నయ్యే వచ్చి నోరు తెరుచుకుని కూర్చున్నాడు. చెల్లెలి చదువుకు తన పాచిపళ్లు కూడా పనికొస్తున్నాయని కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఈ వానాకాలం మొదట్లో గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. అతని ఒంట్లోంచి వచ్చినదేదైనా ఇంకా ప్రాణంతో ఉందంటే, అది ఈ సీసాలో ఉన్నదే. ఫ్రీజర్లో మరికొంచెం దాచిన సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా లాభం లేకపోయింది.

ప్రొఫెసర్ మంచివాడే. ఒక వారం ఆగాడు, ఇంకో వారం ఆగాడు. ఇవాళ కూడా కాకపోతే రేపు ఇంకొకరికి అప్పజెబుతానని మెల్లగా చెప్పాడు. ఇంకొకరి చేతుల్లో పెట్టడం అమ్మడికి అంతకన్నా కష్టంగా తోచింది. వదినకు ఫోన్ చేసింది.

వదిన బట్టలు కుట్టే దుకాణం మూసేసి, మెడలో టేపు తీయడం మరచిపోయి అలాగే వచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి అమ్మడు సంగతంతా చెప్పింది. అన్నయ్యను మళ్లీ పోగొట్టుకుంటున్నట్టుందన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట లేకుండానే వదినకు అర్థమైంది.

"పళ్లు సరిగ్గా తోముకోండి మహాప్రభో అని మొత్తుకుంటే మీ అన్నయ్య విన్నారా? నీకోసం పెంచిపెట్టారన్నమాట," అంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు తొందరగానే అయిపోయింది.

చచ్చాక వాటితో పనేముందని అడిగింది వదిన.

"పైపొర ఉంటే చాలు వదినా. అది బతికినదో చచ్చినదో మన రక్తకణాలకు తెలీదు. పొర తగిలిందంటే చాలు, వచ్చేసిందని లేచి కూర్చుంటాయి."

వదిన మెడలోని టేపును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత, సాయంత్రాలు మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా తాను చేతిలో పని వదిలేసి తలుపు దగ్గరకు వెళ్తున్నానని, అది గమనించి పై ఇంటాయన పాపం చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతున్నాడని చెప్పింది.

"దాని వాసన ఎలా ఉంటుంది?" అంది ఉన్నట్టుండి.

"కంపు. బతికున్నప్పుడైతే బయటివాళ్ల ముందు మూత తీయకూడదు. వేడిచేశాక..." అమ్మడు అక్కడితో ఆగింది.

"అయితే వేడిచెయ్యి," అంది వదిన. "నేనిక్కడే కూర్చుంటాను."

అమ్మడు లోపలికి వెళ్లి సీసాను వేడినీళ్ల తొట్టిలోకి దించింది. చల్లారాక గొట్టాల్లో పోసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టింది. చచ్చిన జీవులు ముద్దగా అడుక్కి దిగాయి. పైన తేరుకున్న ద్రవం ఎలాగూ పారబోసేదే. దాన్ని కొంచెం చిన్న సీసాలో పోసి, మూత బిగించి బయటకు తెచ్చింది.

వదిన మూత తీసింది. అమ్మడు అలవాటుగా ముఖం తిప్పుకుంది. వదిన తిప్పుకోలేదు.

"పొద్దున్నే లేచి పలకరిస్తే ఇదే," అంది. "అటు తిరిగి మాట్లాడండి అనేదాన్ని."

సీసాను ముఖానికి ఇంకాస్త దగ్గరగా తెచ్చుకుని కళ్లు మూసుకుంది. వరండాలో వెళ్తున్న ఎవరో ముక్కు మూసుకుని నడక వేగం పెంచారు. అమ్మడు వెళ్లి వదిన భుజానికి ఆనుకుని కూర్చుంది.

కాసేపటికి వదినే మూత బిగించింది.

"వెళ్లమ్మా, నీ పని చూసుకో," అంది.

అడుగున దిగిన ముద్ద లోపల మంచుముక్కల మధ్య ఉంది. దాని పైపొర తీయడానికి ఇంకా చాలా పని ఉంది. అమ్మడు లోపలికి వెళ్లి, చేతులకు కొత్త తొడుగులు వేసుకుంది.