బండి నడుస్తోందని రాశారు

నేను ఒక గడ్డి కోసే ట్రాక్టరును. ట్రాక్టరనగానే పొలం దున్నే పెద్ద బండిని ఊహించుకోకండి. నా ఎత్తు మీ నడుము దాకా ఉంటుంది. ఒక్క మనిషికి సీటు, చిన్న స్టీరింగు, పొట్ట కింద గిర్రున తిరిగే కత్తులు. మైదానం చుట్టూ నన్ను తిప్పితే వెనకాల గడ్డి దువ్విన జుట్టులా కనిపిస్తుంది. ఇంతే నా పని. ఇందులో గొప్పా లేదు, సిగ్గూ లేదు. నాకు చెవులు లేవనుకుని జనం నా ముందే అన్నీ మాట్లాడుకున్నారు. అందుకే నాకు అన్నీ తెలుసు.

సముద్రం అవతల ఏదో కార్ఖానాలో నన్ను బిగించారు. ఒకడు చక్రాలు పెట్టాడు, ఒకామె సీటు కుట్టింది, ఇంకెవడో ఇంజను దించాడు. నేను ఎక్కడికి పోతానో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు, అడగాలని కూడా తోచలేదు. ఓడ ఎక్కించారు, లారీ ఎక్కించారు, చివరికి గోదావరి ఒడ్డున ఒక బొగ్గు బావుల ఊళ్ళో దించారు. కంపెనీ పెద్దలు దిగే గెస్టుహౌసు నా మొదటి ఇల్లు. ఎండాకాలం కార్మికుల కాలనీ కుళాయిల్లో గాలి వచ్చేది. గెస్టుహౌసు గడ్డికి మాత్రం రెండు పూటలా నీళ్ళు. ఆ గడ్డిని నేను కోసేదాన్ని, మళ్ళీ పెరిగేది, మళ్ళీ కోసేదాన్ని. దాని మీద ఎవరూ నడిచేవాళ్ళు కాదు. చూడడానికట!

కొన్నేళ్ళకు నాకంటే మెరిసే బండి వచ్చింది. నన్ను కార్మికుల కాలనీ ఆటస్థలానికి తోసేశారు. గెస్టుహౌసుకు పాతబడినది కాలనీకి కొత్తది అయింది. కాలనీ పిల్లలు నా చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. ఆ రోజే ఓదెలు నా మీద ఎక్కాడు.

ఓదెలు అంతకు ముందు బావిలో తొట్లలోకి బొగ్గు నింపేవాడు. పై కప్పు నుంచి బండ ఊడి తుంటి మీద పడింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఎడమకాలు ఈడ్చి నడిచే మనిషయ్యాడు. ఇతను లోపలికి దిగలేడు, పైన తేలిక పని ఇవ్వండని డాక్టరు రాశాడు. అట్లా నా సీటు అతని ఉద్యోగమైంది. నేను ఉన్నంత కాలం అతను పైన, వెలుతుర్లో ఉంటాడు. నేను లేకపోతే అతనికి పైన పని లేదు. కంపెనీ లెక్క అంత తిన్నగా ఉంటుంది.

ఓదెలు నన్ను కడిగే తీరు చూసి అతని పెళ్ళాం లసుమక్క కాలనీ అంతా వినేలా దెప్పేది.

"ఏమయ్యో, నీ కొడుకును ఒక్కనాడన్న గిట్ల రుద్ది తానం పోసినవా?"

"కొడుకు నన్ను మోస్తడా ఏంది? ఇది మోస్తున్నది."

"మొయ్యనీ, మొయ్యనీ. రేపు అన్నం గూడ గదే వండుతది తియ్."

సద్దిగిన్నె నా బానెట్టు మీద పెట్టి, నవ్వు దాచుకుంటూ పోయేది.

నాకూ వయసు వచ్చింది. పొగ ఎక్కువైంది, కత్తుల పెట్టెకు తుప్పు చిల్లులు పడ్డాయి, చివరికి ఒక పొద్దున మైదానం నడుమ ఆగిపోయాను. వర్క్‌షాపు నుంచి యాకూబ్ వచ్చాడు. నా పొట్ట విప్పి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఓదెలన్నా, చెప్పాల్నా, దాచాల్నా?"

"చెప్పు భాయ్. నా ఎక్స్‌రే చూసిన డాక్టర్ గూడ గిట్లనే అడిగిండు."

"పిస్టన్ అరిగింది. కత్తులు తిప్పే గేరు పోయింది. కంపెనీ సామాను తెప్పిస్తే ఇంకా శాన ఏండ్లు నడుస్తది. తెప్పియ్యకుంటే తుక్కే."

తెప్పించాలా, తుక్కులో వేయాలా అన్నది యాకూబ్ చేతిలో లేదు, ఓదెలు చేతిలో అసలే లేదు. కమిటీ వచ్చి చూడాలి. ఎస్టేటు ఆఫీసరు చలపతిరావు దానికి పెద్ద. రిపేరు అని రాస్తే ఓదెలు బతికాడు. పనికిరాదు అని రాస్తే నేను తుక్కుకు, అతను బావికి.

కమిటీ వచ్చేది దసరా వెంటనే. మనవాళ్ళ ఆయుధపూజ సంగతి మీకు చెప్పాలా? ఏడాదంతా చుక్క నూనె పోయరు, ఆ ఒక్కరోజు గిన్నెడు కుంకుమ పూస్తారు. బావుల దగ్గర పంపులకు, తొట్లకు, చివరికి పారలకు కూడా స్నానం, బొట్టు, నిమ్మకాయ. ఓదెలు అంతటితో ఆగలేదు. చచ్చినదాన్ని చూసి ఎవడు రిపేరు రాస్తాడు, కొంచెం ప్రాణముందని కనిపించాలి కదా అనుకున్నాడు. తుప్పు చిల్లులన్నీ లప్పం పెట్టి పూడ్చాడు. బొగ్గు తొట్లకు వేయగా మిగిలిన పసుపు రంగు తెచ్చి తల నుంచి చక్రాల దాకా పూశాడు. తెగిన బెల్టు చోట పిండిగిర్నీ బెల్టు బిగించమని యాకూబ్‌ను బతిమాలాడు. ఆఫీసు జీపు డ్రైవరు దగ్గర ఉన్న అదనపు బ్యాటరీ అడిగి తెచ్చాడు.

"పెండ్లిసూపులకు తయారు చేస్తున్నట్టున్నది," అంది లసుమక్క, బంతిపూల దండ గుచ్చుతూనే. "కాటుక గూడ పెట్టు."

పూజనాడు నా ముందు గుమ్మడికాయ కొట్టారు. తాళం తిప్పితే దగ్గి, తుమ్మి, మొత్తానికి లేచాను. కాలనీ కేరింతలు కొట్టింది. యాకూబ్ మాత్రం ఓదెలు చెవిలో అన్నాడు, "ఒక్క చక్కర్ కంటె ఎక్కువ తిప్పకన్నా. ఊపిరి బిగవట్టి నిలవడ్డది."

దండలు వాడకముందే కమిటీ జీపు వచ్చింది. చలపతిరావు దిగి, కళ్ళద్దాలు సర్దుకుని నన్ను చూశాడు.

"ఏమయ్యా, ఇది ఆ పాత బండేనా? షోరూము నుంచి పట్టుకొచ్చావా ఏంటి?"

"గదే సార్. పైన రంగేసిన గని లోపల మొత్తం అరిగింది సార్. జర సామాను తెప్పిస్తే…"

"స్టార్ట్ చెయ్యి."

ఓదెలు నా మీద కూర్చున్నాడు.  లేవకపోతే తుక్కని రాస్తారు, లేస్తే బాగు చేయమని రాస్తారు. అతనికి తెలిసింది అంతే. నాకు మాత్రం చలపతిరావు ముఖం ఎదురుగా కనిపిస్తోంది. లేస్తే చాలు, రిపేరు అక్కర్లేదని ఆ ముఖంలో అప్పుడే తేలిపోయింది. ఆగిపోవడం నా చేతిలో ఉంటే సగం చుట్టులోనే ఆగిపోయేదాన్ని. కార్మికుడికి సమ్మె ఉంది, నాకు అదీ లేదు. తాళం తిప్పాడు, లేచాను. ఒక చుట్టు తిరిగి వచ్చాను.

"గుర్రంలా నడుస్తుంటే రిపేరు ఎందుకయ్యా?"

"సార్, యాకూబ్ భాయిని అడుగుండ్రి సార్, ఆయన విప్పి చూసిండు…"

"వర్క్‌షాపు వాళ్ళు సామాను వద్దంటారా ఎప్పుడైనా? బాగానే ఉంది. జాగ్రత్తగా వాడుకో."

నడుస్తోంది, రిపేరు అక్కర్లేదు అని రాసుకుని పోయారు. జీపు డ్రైవరు పోతూ పోతూ తన బ్యాటరీ విప్పుకుపోయాడు. యాకూబ్ ఇంకో బ్యాటరీ పెట్టి చూస్తే గిర్నీ బెల్టు పుటుక్కుమంది, లోపల ఇంకేదో విరిగింది. ఆ తర్వాత నేను లేవలేదు.

తుక్కని రాసినా, రిపేరని రాసినా ఏదో ఒకటి తేలేది. బాగుందని రాయడమే ఉరి. యూనియన్ లీడరు సాంబయ్య స్కూటరు ఆపి విడమర్చి చెప్పాడు.

"మామా, ఖరాబైందని చెప్పినవనుకో, నిన్న మంచిగుండె, ఇయ్యాల నువ్వే పాడు చేసినవంటరు. చెప్పకుంటే, బండి ఉండంగ గడ్డెందుకు కోస్తలేవంటరు."

"మరేం జెయ్యాలె అల్లుడా?"

"కోసినట్టు కనవడాలె."

చెప్పి స్కూటరు కిక్కు కొట్టాడు. సలహాకు నడుము నొప్పి ఉండదు.

ఓదెలు కొడవలి తెచ్చాడు. తుంటి వంగదు కాబట్టి గొంతు కూర్చోలేడు. కాలు బారజాపి, పిర్రల మీద జరుగుతూ మైదానం కోయడం మొదలుపెట్టాడు. నేను పసుపు రంగు వేసుకుని పక్కన నిలబడి ఉన్నాను. మనిషి శ్రమ తగ్గిస్తానని నన్ను పుట్టించారు. నా పేరు నిలబెట్టడానికి ఒక కుంటి మనిషి నేల మీద పాకుతున్నాడు. పోనీ సాయం చేద్దామా అంటే, నా చక్రం నేను తిప్పుకోలేను.

లసుమక్క సద్ది తెచ్చి, చూసి, అక్కడే నిలబడిపోయింది.

"బండేమో కూసున్నది, మనిషేమో గడ్డి కోస్తున్నడు. గిదెక్కడి లోకమయ్యా!"

"అరవకు. ఎవరన్న ఇంటరు."

"ఇననీ! ఇడిసిపెట్టు దాన్ని. తుక్కుల ఏసుకొమ్మను. దాంతోని మనం గూడ సావాల్నా?"

ఓదెలు కొడవలి కింద పెట్టాడు. అతను బావి సంగతి ఇంట్లో చెప్పడు. ఆ రోజు చెప్పాడు.

"బండ పడ్డప్పుడు నా దీపం ఆరిపోయింది లసుమా. పక్కన కనకయ్య ఉన్నడు. కనవడుతలేడు, ఇనవడుతున్నడు. నీళ్ళడిగిండు. వస్తున్నరు ఆగు, వస్తున్నరు ఆగు అన్న. జరసేపు అడిగిండు. తర్వాత అడగలే."

లసుమక్క సద్ది కింద పెట్టింది. కొంగు నడుముకు చుట్టింది. ఇంటికి పోయి ఇంకో కొడవలి తెచ్చి అతని పక్కన కూర్చుంది.

అప్పటి నుంచి ఇద్దరూ కోసేవాళ్ళు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి నన్ను మైదానంలో ఇంకో చోటికి నెట్టేవాళ్ళు, దారిన పోయే ఆఫీసరు జీపుకు తిరుగుతున్నట్టు కనిపించాలని. కాలనీ వాళ్ళంతా చూశారు. ఒక్కడూ నోరు విప్పలేదు. విప్పితే ఓదెలు బావికి పోతాడని వాళ్ళకు తెలుసు. కొందరు ఆడవాళ్ళు సాయంత్రం మేకలకు గడ్డి కావాలన్న వంకతో వచ్చి ఒక మూల కోసి పోయేవాళ్ళు.

మైదానం నున్నగా అయింది. నా కత్తులు ఏనాడూ అంత నేలకంటా కోయలేదు. అదే కొంప ముంచింది. చలపతిరావు జీపు ఆపి, దిగకుండానే మెచ్చుకున్నాడు.

"చూశావా, నే చెప్పలా? ఇంత బ్రహ్మాండంగా పనిచేసే బండిని రిపేరన్నావు. పక్క ఏరియా గ్రౌండు బండి తుక్కయిపోయింది. దీన్ని అక్కడికి పంపుతున్నాం."

ఓదెలు జీపు కిటికీ పట్టుకున్నాడు. నోట నిజమే వచ్చింది.

"సార్, బండి నడువది. పూజ అయినంక ఒక్కనాడు గూడ నడువలే. గీ గడ్డి మేము కోసినం సార్, కొడవండ్లతోని."

చలపతిరావు నవ్వాడు. "ఇంత గ్రౌండు కొడవళ్ళతోనా? బండి పోతోందని కథలు చెప్పకోయ్."

లసుమక్క రెండు చేతులూ చాపి జీపు కిటికీ దగ్గర పెట్టింది. అరచేతుల నిండా పగిలిన బొబ్బలు. "సూడు సారూ."

"మీ ఆడవాళ్ళు పొలం పనులు చేస్తారు కదమ్మా," అన్నాడు. జీపు కదిలింది.

మర్నాడు లారీ వచ్చింది. నన్ను నెట్టి ఎక్కించారు. ఓదెలు నెట్టలేదు. మైదానం గట్టు మీద కూర్చుని చూశాడు.

కొత్త చోట డ్రైవరు తాళం తిప్పాడు, తన్నాడు, బానెట్టు ఎత్తి చూసి బూతు అన్నాడు. లప్పం ఊడి చిల్లులు బయటపడ్డాయి. అక్కడి వాళ్ళు నన్ను తుక్కని తేల్చడానికి ఎంతో సేపు పట్టలేదు. నేను నడవనని ఓదెలు చెబితే అబద్ధం, వాళ్ళు చెబితే రిపోర్టు. అట్లాగని ఓదెలు మాట నిజమేనని ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అతని పేరు అప్పటికే బావి హాజరు మస్టరులోకి ఎక్కింది. డాక్టర్ల బోర్డు అతన్ని మళ్ళీ చూసిందట. మైదానం అంత బాగా చూసుకున్న మనిషి దిగలేడా అని అన్నారట.

నన్ను వెనక్కి తెచ్చి పడేసిన తుక్కు దొడ్డి మా కాలనీ వాళ్ళు దిగే బావి ముఖం పక్కనే ఉంది. ఏటవాలుగా లోపలికి దిగే బావి, పొడుగునా మెట్లు. షిఫ్టు జనం మా ముందు నుంచే పోతారు. ఒక పొద్దున వాళ్ళలో ఎడమకాలు ఈడ్చుకుంటూ ఒక మనిషి. టోపీకి దీపం, నడుముకు బ్యాటరీ. జనాన్ని ముందుకు పోనిచ్చి, కంచె సందులోంచి దొడ్డిలోకి వచ్చాడు. నా సీటు చిరిగి స్ప్రింగులు లేచి ఉన్నాయి. చేత్తో అణిచి, కూర్చున్నాడు. తుంటిని రెండు చేతులా పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.  స్టీరింగు మీద చెయ్యి వేయలేదు.

సైరను కూసింది. లేచాడు. మెట్ల దాకా పోయి, దీపం వెలిగిందా లేదా అని అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నాడు. ఆర్పి, మళ్ళీ వెలిగించి చూసుకున్నాడు. తర్వాత మంచి కాలు ముందు పెట్టి దిగడం మొదలుపెట్టాడు. నడుము దాకా కనిపించాడు, భుజాల దాకా కనిపించాడు, టోపీ కనిపించింది. నేను పైనే ఉన్నాను.