మోకు వదులు చేసిన రోజు

పిండి పీపాలతో రోచెస్టర్‌లో బయల్దేరిన పడవను అసాహెల్ గుర్రాలు కాలువ గట్టు బాట మీద నుంచి మోకుతో లాగుతున్నాయి. వాటి పక్కనే అతను నడుస్తున్నాడు. సిరక్యూస్ చేరేలోపు పడవ కెప్టెన్ వాన్ ఆల్స్టైన్‌కి అతని పని నచ్చితే కొలువు ఖాయం. నచ్చకపోతే గుర్రాలను అమ్ముకోవాల్సిందే. కాలువ తవ్వాక జెనెసీ రోడ్డు మీద బండి కట్టించుకునే నాథుడే లేడు.

అతని పడుచుతనమంతా ఆ రోడ్డు మీద బండి తోలడంలోనే గడిచింది. అక్కడ గోధుమలు ఆల్బనీ చేరేసరికి వాటి ధరంతా దారే తినేసేది. అందుకే చాలామంది రైతులు మోత తగ్గుతుందని ధాన్యాన్ని విస్కీగా కాచేసేవాళ్ళు. ఇప్పుడు రెండు గుర్రాలు ఊరంత బరువును షికారుకెళ్తున్నట్టు లాగుతున్నాయి. అది చూస్తుంటే అతనికి సంతోషం కలగలేదు, సిగ్గేసింది. ఒళ్ళు విరగనిది పనెలా అవుతుంది?

"ఏమయ్యా, ఆ మొహమేంటి?" పడవ మీద బీన్స్ కలుపుతూ కెప్టెన్ భార్య ఫిలీనా అరిచింది. "మోసేది పిండా, శవమా?"

"బరువు మోసేవి నీళ్ళమ్మా. నేను ఊరికే నడుస్తున్నా."

"ఊరికే నడిచినోడికి తిండి పెడుతుంటే ఏడుపెందుకూ!"

పొద్దున్నే కెప్టెన్ విడమరిచి చెప్పాడు. ఎదురుగా ప్రయాణికుల పడవ వస్తే ఇతనే గుర్రాలను ఆపాలి. అప్పుడు మోకు వదులై నీళ్ళలో మునుగుతుంది, ఆ పడవ దాని మీదుగా వెళ్ళిపోతుంది. అసాహెల్ తలూపాడు.

మధ్యాహ్నానికి అలాంటి పడవ రానే వచ్చింది. కప్పు మీద టోపీలవాళ్ళు కూర్చుని ఫిడేలు వింటున్నారు. సరుకన్నది లేదు. బండ్లవాళ్ళ లెక్కలో అది ఖాళీ బండి. రోడ్డు మీద ఖాళీ బండే పక్కకు దిగాలి, నిండు బండి ఆగకూడదు. కెప్టెన్ మాట అతనికి గుర్తుంది. కాళ్ళు మాత్రం ఆగలేదు.

"ఓయ్, ఆపు! కళ్ళు కనబడట్లేదా?" ఎదుటి గుర్రాలవాడు కేక వేశాడు.

"నా వెనక బరువుంది! నువ్వే ఆపు!"

బిగుసుకున్న మోకు ఆ పడవ ముక్కుకు తగులుకుంది. టోపీలు ఎగిరిపోయాయి. అతని గుర్రాల్లో డార్కస్ అనే గోధుమరంగు ఆడగుర్రం వెనక్కి ఈడ్చుకుపోయి, గట్టు జారి పొట్టలోతు నీళ్ళలో పడింది. అసాహెల్ దూకి మోకు కొక్కెం ఊడదీశాడు. వణుకుతూ పైకొచ్చిన డార్కస్ మెడను కావలించుకుని నిలబడిపోయాడు.

కెప్టెన్ గట్టు మీదికి దిగాడు. "చెప్పింది వినబడలేదా?"

"వినబడిందండీ. బరువున్నోడు ఆగడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఆగితే ఏమయ్యేది?"

అసాహెల్ నేల చూపులు చూశాడు. ఒక వసంతంలో, ఆ పాత రోడ్డు మీద కొండ మలుపు దగ్గర ఎవరికోసమో బండి ఆపాడు. చక్రాలు బురదలో దిగబడ్డాయి. మళ్ళీ కదిలించే ప్రయత్నంలో ఒక గుర్రం గుండె పగిలి చచ్చిపోయింది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని ఆ సంగతి కెప్టెన్‌కి చెప్పాడు.

ఆయన వంగి డార్కస్ కాళ్ళు తడిమి చూశాడు. "ఇక్కడ బురద లేదయ్యా. సాయంత్రం ఇంకో పడవ వస్తుంది. అప్పుడూ ఇదే పని చేశావా, గుర్రాలు తోలుకుని ఇంటికెళ్ళు."

పొద్దు వాలుతుండగా ఆ పడవ కనబడింది. ఆగితే అంతా అయిపోతుందని అసాహెల్ ఒళ్ళంతా మొత్తుకుంటోంది. దాన్ని మొత్తుకోనిచ్చాడు. గుర్రాలను గట్టు అంచుకు తప్పించి ఆపేశాడు.

మోకు వదులైంది, చల్లగా నీళ్ళలోకి దిగిపోయింది. ఎదుటి గుర్రాలు బాట మీది మోకును దాటుకుంటూ వెళ్ళాయి. పడవ దాని మీదుగా చప్పుడు లేకుండా జారిపోయింది.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. తన పడవ ఆగలేదు. ఎవరూ లాగకుండానే, పీపాలన్నిటితో మెల్లగా తనవైపే వస్తోంది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ రోడ్డు మీద తాను లాగినదాంట్లో సరుకు బరువెంత, దారి బరువెంత?

"చూసింది చాలు, ఇక నడిపించు!" ఫిలీనా నవ్వింది. "మెల్లగా, గుంజకు!"

గుర్రాలు ముందుకు ఒరిగాయి. నీళ్ళు కారుతూ మోకు పైకి లేచింది.

కెప్టెన్ గట్టు మీదికి దూకి పక్కన నడవసాగాడు. "ఆల్బనీ దాకా వస్తావా?"

"సిరక్యూస్ ఇంకా రాలేదు కదండీ."

"నేను చూడాల్సింది చూసేశాలే."

అసాహెల్ నడక ఆపకుండానే ఆయన వైపు తిరిగాడు. కాలువ పని గురించి అతను నోరు విప్పి అడగడం అదే మొదలు.

"ఆల్బనీ దగ్గర పడవలు కొండ దిగుతాయటగా. నీళ్ళు ఒలికిపోకుండా ఎట్లా దించుతారు కెప్టెన్ గారూ?"