నల్లబురుజు తూము

గ్రేస్ టీచర్ ఫోన్ చేసేసరికి నేను యానాం ఫరంపేటలో మా ఇంటి అరుగు మీద చేపలు తోముతున్నాను. మా అమ్మాయి సత్యశ్రీ కనబడటం లేదన్నారు. చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి ఫోన్ చెవికి అదిమిపెట్టుకున్నాను.

మూడో తరగతి పిల్లల్ని తెల్లారకముందే బస్సెక్కించి నల్లబురుజు తీసుకెళ్ళారు. మన్యం కొండల మీద, కోటగోడ లోపల ఉన్న చిన్న ఊరది. పంపాలా వద్దా అని నేను గింజుకుంటుంటే టీచరే తల్లులందర్నీ కూర్చోబెట్టి ఆ ఊరి సంగతి చెప్పారు. రెడ్డిరాజులు కట్టించారట. తరవాత మన యానాంలో ఉన్న ఫ్రెంచివాళ్ళే కొన్నాళ్ళు అక్కడ ఫిరంగులు పెట్టుకున్నారట. మూడు పక్కలా నిలువు లోయ, ఒక్క తూర్పు వైపే దారి, దానికో పెద్ద దర్వాజా. శత్రువులే లోపలికి రాలేకపోయారు, మన పిల్లలు బయటికెలా పోతారని నవ్వారు. నేను ఎనిమిదితో బడి మానేసినదాన్ని, పిల్లయినా నాలుగూళ్ళు చూడాలని ఒప్పుకున్నాను.

ఇప్పుడు ఆమె గొంతులో నవ్వు లేదు. భోజనాల వేళ వాన పట్టుకుందట, పిల్లలు చెల్లాచెదురయ్యారట, మళ్ళీ పోగుచేస్తే మాది లేదట. దర్వాజా కాపలా అతను పిల్లెవరూ దాటలేదన్నాడు. పిల్లలకి ఎత్తులు సరదా కదా అని అందరూ బురుజులెక్కి వెతుకుతున్నారు.

"సత్యశ్రీ అమ్మగారూ, భయమేస్తే తను ఏం చేస్తుందండి? ఎక్కడైనా నక్కుతుందా?"

మా అత్త కామాక్షమ్మ అప్పటికే గుమ్మంలో కూలబడి, ఎందుకు పంపావే అని నన్ను దులిపేస్తోంది. ఇంటాయన చేపల వేటకెళ్ళాడు, ఫోన్ అందదు.

నక్కదు. ఏడవదు కూడా. నడుస్తుంది. ఎటు నడుస్తుందో అప్పుడు తట్టింది నాకు. మా ఇళ్ళల్లో మాటలొచ్చిన ప్రతి పిల్లకీ చెప్పేదొకటుంది. దారి తప్పితే కాలవలో గుర్రపుడెక్క ఎటు కొట్టుకుపోతుందో చూడు, అటే నడు, గోదారొస్తుంది, గట్టు మీద మనవాళ్ళెవరో ఒకరు ఉంటారు. మా అమ్మ నాకు చెప్పింది, నేను సత్యకి చెప్పాను.

"టీచర్‌గారూ, ఆ ఊళ్ళో వాన నీళ్ళు ఎటు పోతాయండి?"

"పైన చెరువు పొర్లి, రాతి కాలవలో వీధెంట దిగి, పడమటి గోడ కింద తూములోంచి..." అని ఆగిపోయారు. పడమర లోయే.

ఆమె పరుగెత్తుతున్నారని తెలుస్తోంది. వాన, చెప్పుల చప్పుడు, ఎవరినో పిలవడం. మా అత్త తిట్టడం ఆపేసింది. ఫోన్ పెట్టెయ్యకండి అన్నాను.

తూము పెద్దవాళ్ళు దూరలేనంత ఇరుకట. టార్చి వేస్తే లోపల గౌను కనబడింది. పిల్ల అటు చివర వెలుతురు కేసి పాకుతోంది, టీచర్ పిలిస్తే ఆగటం లేదు. తాడు కోసం మనిషి పరుగెత్తాడు. స్పీకర్ పెట్టి ఫోన్ లోపలికి చాపమన్నాను. అరిస్తే బెదిరి జారుతుందేమోనని అన్నానికి పిలిచే గొంతుతోనే పిలిచాను.

"సత్యా."

"వచ్చేత్తన్నానమ్మా. ఎలుతురు కనబడతంది. గోదారొచ్చేసింది."

"అది గోదారి కాదమ్మా. ఆగు."

"నీళ్ళెంట ఎళ్ళమన్నావుగా."

"అది మనూళ్ళోనే. అక్కడ నీళ్ళకి ఎదురు రావాలి. ఎనక్కి పాకు."

"నువ్వు అబద్ధమాడతన్నావు."

అది నమ్మే మాట ఒక్కటి కావాలి నాకు. మా వీధి చివర రేవులో ఇంజను పడవొకటి టకటకమంటూ పోతోంది.

"గోదారైతే పడవల మోత ఇనపడాలి గదే. ఇనపడతందా?"

నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. మా అత్త వచ్చి నా భుజం పట్టుకుంది.

"లేదు," అంది సత్య.

"మరి? ఎనక్కి రా. టీచర్ చెయ్యి తగిలేదాకా రా. నేను ఇక్కడే ఉన్నాను."

రాతి మీద మోకాళ్ళు ఈడ్చుకుంటున్న చప్పుడు. మధ్యలో ఏదో జారింది, సత్య కెవ్వుమంది, తరవాత ఏమీ వినపడలేదు.

"దొరికిందండి," అన్నారు టీచర్. ఆ వెంటనే ఆమె ఏడుపు వినిపించింది, దాని మీంచి సత్య.

"అమ్మా, ఓ చెప్పు అటేపు పడిపోయింది. కొట్టకు."

నేను కొట్టనని చెప్పేలోపే మా అత్త ఫోన్ లాక్కుంది. చెప్పు పోతే పోయింది గానీ బస్సు దిగగానే నీ కాళ్ళు రెండూ మంచానికి కట్టేస్తానే అంటూ, తిడుతూ తిడుతూనే ఏడ్చేసింది.