ఒకే పేజీలో రెండు మొగలిదిబ్బలు

పెంచలమ్మకు పొద్దున్నే రెండు పనులు. ఊరి బావి ఉప్పు గనక ఇసకలో చెలమ తవ్వి, కొబ్బరిచిప్పతో బిందె నింపుకోవడం ఒకటి. చెల్లెలు చెంచులక్ష్మి ఈపాటికి ఎన్ని బిందెలు నింపి ఉంటుందో ఊహించుకోవడం రెండోది. రెండో పనికే ఎక్కువ సేపు పట్టేది.

అక్కచెల్లెళ్ళిద్దరూ మొగలిదిబ్బ కోడళ్ళే. కాకపోతే వాకాడు వైపు సముద్రం ఒడ్డున ఒక మొగలిదిబ్బ, దొరవారిసత్రం వైపు పులికాటు సరస్సు ఒడ్డున ఇంకొకటి. మొగలిదిబ్బ సంబంధం అనగానే పెంచలమ్మ సరస్సు ఊరనుకుని తల ఊపింది. పెళ్ళయ్యాక బండి సముద్రం వైపు తిరిగినప్పుడు గాని సంగతి తెలియలేదు. ఇదేమిటని మొగుణ్ణి అడగడానికి ఆ రోజు సిగ్గుపడింది. తర్వాత ఆరేళ్ళు రోజూ అడిగింది. పోయిన ఏడు చెంచులక్ష్మిని సరిగ్గా ఆ మంచినీళ్ళ ఊరికే ఇచ్చారు.

అరవై ఒకటిలో మిషన్ బడి అయ్యవారు హెబ్రోనుకు బీరువాలో ఒక పాత పుస్తకం దొరికింది. ఎప్పుడో ఒక దొర ఊరూరా తిరిగి రాయించిన వర్ణనలవి. రెండు మొగలిదిబ్బలూ ఒకే పేజీలో ఉన్నాయి. సరస్సు ఊరికి పన్నెండు వరసలు. సముద్రపు ఊరికి ఒకటే వాక్యం: "ఇచట చెప్పదగినది ఏమియు లేదు."

పెంచలమ్మ పట్టుబట్టి సరస్సు ఊరి సంగతి చదివించుకుంది. "మొగలిదిబ్బయందు తియ్యని నీటి బావి కలదు" అని హెబ్రోను చదవగానే ఇక్కడి బావి నీళ్ళు తియ్యగా మారాయి. పుస్తకం మొగలిదిబ్బ అన్నది, ఇదీ మొగలిదిబ్బే కదా, అనుకుని ఊరంతా బిందెలు తీసుకుంది. చారులో ఇకమీదట ఉప్పు విడిగా వేసుకోవాలా అని మాత్రం కొందరు సణిగారు.

అదే రోజు అక్కడి బావి ఉప్పెక్కిందని, చేపలబుట్టలో కబుర్లు కూడా మోసే మాలకొండయ్య చెప్పాడు. చెంచులక్ష్మి మైలు నడిచి నీళ్ళు తెచ్చుకుంటోందట. "పాపం," అంది పెంచలమ్మ. ఆ పూట అన్నం మారు వడ్డించుకుంది.

మరో వాక్యానికి గూడబాతులు వచ్చాయి. ఇంకో వాక్యానికి చింతచెట్ల నీడ వచ్చింది. చివరి వాక్యాన్ని హెబ్రోను కళ్ళతోనే చదువుకుని, అర్థం మాత్రం చెప్పాడు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఏడాదిలోపే తల్లులవుతారు, నిలిచిన కడుపు పోదు. పెంచలమ్మకు ఆరేళ్ళుగా పిల్లల్లేరు. చెంచులక్ష్మికి అయిదో నెల.

"చదువు అయ్యోరా."

"చదివితే అక్కడ ఉండదు పెంచలమ్మా. నీ చెల్లెలు కడుపుతో ఉందే."

"నాకు తెలీదనా? నెలనెలా కబురు పంపతానే ఉండాది."

హెబ్రోను పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు పెంచలమ్మ బడి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నాలుగో రోజు బియ్యం నానబోసింది. అమ్మ లేదు గనక పుట్టింటి చలిమిడి తనే పెడతానని, పురుడు కూడా తనే పోస్తానని చెల్లెలికి కబురు పంపింది. చెల్లెలు ఇక్కడుంటే ఈ ఊరి ఆడదే. పుస్తకం ఎవరి ఇంటిపేరూ అడగదు.

బండిలోంచి చెంచులక్ష్మి దిగింది. ఆమె వెనక ఇంకో నలుగురు, పొట్టలు పట్టుకుని దిగారు.

"వీళ్ళెవరే?"

"మా ఊరోళ్ళక్కా. పుస్తకం సంగతి మాలకొండయ్య చెప్పినాడులే. నువ్వు చలిమిడికి పిలిచినావంటే చదివించేదానికేనని మాకు తెలీదా? నీళ్ళు పోతే నడిచి తెచ్చుకుంటిమి. ఇది పోతే యాడికి పొయ్యి తెచ్చుకునేది?"

పెంచలమ్మ చలిమిడి గిన్నె తెచ్చి వాళ్ళ మధ్య పెట్టి, అయ్యవారిని పిలిపించింది. కడుపుతో ఉన్నవాళ్ళు అక్కడ ఇంకెవరూ మిగల్లేదు గదా అని హెబ్రోను రెండుసార్లు అడిగి, అప్పుడు చదివాడు.

ఏడాది తిరిగేలోగా సముద్రపు మొగలిదిబ్బలో ఆరు పురుళ్ళు జరిగాయి. ఆఖరిది పెంచలమ్మది.

అదంతా తర్వాత. ఆ పూట మాత్రం, ఒక్కరికని చేసిన చలిమిడి అయిదుగురికి పంచేసరికి గిన్నె అడుగు కనబడింది. చెంచులక్ష్మి తన ముద్దను రెండుగా తుంచి, ఒక ముక్క అక్క చేతిలో పెట్టింది. పెంచలమ్మ వెంటనే నోట్లో వేసుకోలేదు. చెల్లెలి ముక్కను ఒకసారి, తన ముక్కను ఒకసారి చూసింది. తనదే కాస్త పెద్దది.

అప్పుడు తింది.